దవాఖానాకు డాక్టరును తయారుచేసిన సర్కారు

మా చిన్నతనంలో, అంటే 1950ల చివర, కృష్ణా డెల్టాలోని మా ఊళ్ళో ఒక ఎల్.ఎం.పి. డాక్టరుగారుండేవారు. మసీదు వీధి మొదట్లో పెంకుటిల్లు, అరుగు మీద రెండు బెంచీలు, లోపల గాజు సీసాల బీరువా, మిక్శ్చరు కలిపి సీసాకు కాగితం గుర్తులు అంటించే కాంపౌండరు. ఇంతే ఆ ఆసుపత్రి. మా అమ్మీకి పురుడొచ్చినా, అబ్బాకి చలిజ్వరం తగిలినా ఆయనే దిక్కు. రోగం తన చేతిలో లేదని తోస్తే దాచకుండా చెప్పి, చీటీ రాసి గుంటూరుకో బెజవాడకో పంపేవారు. చేతిలో డబ్బుంటే ఇచ్చేవాళ్ళం, లేకపోతే కళ్ళం నాడు ధాన్యం కొలిచేవాళ్ళం.

ఆయన పోయిన తరువాత ఆ అరుగు మీదికి మరో డాక్టరు రాలేదు. అట్లాగని మా ఊరి నుండి డాక్టర్లు కాలేదా అంటే, చాలామందే అయ్యారు. ఒకరు గుండె డాక్టరు, ఒకరు ఎముకల డాక్టరు, ఒకరు అమెరికాలో ఉన్నారు. అందరూ మన పిల్లలే, అందరూ యోగ్యులే. కాని అర్ధరాత్రి బిడ్డకు జ్వరం కాస్తే తలుపు తట్టడానికి మాత్రం ఒక్కరూ లేరు.

ఇది వారి తప్పని నేను అనను. డాక్టరును ఎక్కడ కూర్చోబెట్టి నేర్పితే, ఎవరి ఖర్చు మీద నేర్పితే, అతడు అక్కడికే చెందుతాడు. ఈ మాట చరిత్ర మనకు పదేపదే చెప్పుచున్నది. మన ప్రాంతాలలో సర్కారు తన ఖర్చుతో డాక్టర్లను తయారుచేయుట మొదలుపెట్టి నూట డెబ్బయి అయిదేళ్ళు దాటినది. ఆ కథను క్లుప్తంగా పాఠక మహాశయుల ముందుంచుట ఈ వ్యాసం ఉద్దేశ్యం.

హైదరాబాదు మెడికల్ స్కూలు

నాలుగవ నిజాము నాసిరుద్దౌలాకు మధుమేహం ఉండేది. ఎన్ని మందులు వాడినా నయం కాలేదట. అప్పటి రెసిడెంటు జనరల్ ఫ్రేజర్ సలహా మీద, రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ మాక్లీన్‌ను పిలిపించారు. ఆయన మందుల మీద కంటె పథ్యం మీదనే ఎక్కువ ఆధారపడి నవాబుగారికి ఊరట కలిగించాడని చరిత్రకారులు వ్రాసినారు. దానికి సంతోషించి, ఈ వైద్యం తన రాజ్యంలోని వారికి కూడా నేర్పవలెనని నిజాము ఆజ్ఞ ఇచ్చినాడు. ఆ విధంగా 1846లో హైదరాబాదు మెడికల్ స్కూలు వెలసినది. మాక్లీనే దానికి మొదటి అధికారి.

ఇందులో మనం గమనించదగిన సంగతులు రెండున్నవి. ఒకటి భాష. కలకత్తాలో 1822లో పెట్టిన నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దేశభాషలలో వైద్యం చెప్పేవారు. 1835లో దానిని మూసివేసి, ఇంగ్లీషులో చెప్పే మెడికల్ కాలేజీ పెట్టినారు. ఇక పాశ్చాత్య వైద్యం ఇంగ్లీషులో తప్ప రాదనే అభిప్రాయం స్థిరపడుతున్న రోజులవి. అది జరిగిన పదకొండేళ్ళకే హైదరాబాదులో శరీరశాస్త్రం, శస్త్రచికిత్స ఉర్దూలో చెప్పుట మొదలైనది. జనం మాట్లాడే భాషలోనే డాక్టరు పాఠం నేర్చినాడు. రోగి చెప్పే మాటకూ డాక్టరు చదివిన పుస్తకానికీ మధ్య గోడ లేకుండా పోయింది.

రెండవది పేరు. ఈ స్కూలులో ఉత్తీర్ణులైన వారికి ఇచ్చిన పట్టా పేరు "హకీం". చదివింది పాశ్చాత్య వైద్యం, బిరుదు మాత్రం జనానికి తరతరాలుగా తెలిసినది. కొత్త డాక్టరును ప్రజలు పరాయివాడుగా చూడకుండుటకు ఇంతకంటె మంచి ఉపాయం ఉంటుందా?

సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో, అంటే 1853 నుండి 1883 వరకు, రాజ్యపాలన ఒక క్రమంలోకి వచ్చినది. 1865లో జిల్లాబందీ జరిగినది. 1866లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వెలసినది. జిల్లాలలో సర్కారీ దవాఖానాలు పెరిగే కొద్దీ, వాటిలో కూర్చోవడానికి మనుషులు కావలసి వచ్చినారు. ఆ మనుషులను ఇచ్చినది ఈ స్కూలే. స్కూలూ సర్కారుదే, దవాఖానా సర్కారుదే, జీతమూ సర్కారుదే. చదువు పూర్తయినవాడు ఎక్కడికి పోవాలో ముందే నిర్ణయమై ఉండేది.

1880లలో బోధన ఇంగ్లీషులోకి మారినది. 1885లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ స్కూలు బాధ్యత చేపట్టినాడు. ఆయన పూనికతో, నిజాము ప్రభుత్వం ఖర్చు మీద, 1888లోను 1889లోను రెండు క్లోరోఫాం కమిషన్లు హైదరాబాదులో పనిచేసినవి. లండన్ నుండి పేరుమోసిన వైద్యులు ఇక్కడికి వచ్చి పరిశోధనలలో పాల్గొన్నారు. అదే 1885లో ఆడపిల్లలకు కూడా స్కూలు తలుపులు తెరిచినారు. అట్లా చేరినవారిలో ఒకరు రూపాబాయి ఫర్దూంజీ. శస్త్రచికిత్స సమయంలో మత్తు ఇచ్చే పనిని వృత్తిగా స్వీకరించి, ప్రపంచంలోనే ఆ పనికి అంకితమైన తొలి స్త్రీలలో ఒకరుగా ఆమె పేరు పొందినారు. ఘోషా పాటించే ఇళ్ళలో మగ డాక్టరు అడుగుపెట్టలేని ఆ రోజులలో, ఒక ఆడపిల్లను డాక్టరు చేయుట అంటే ఎన్ని ప్రాణాలు నిలబెట్టినట్టో చెప్పనక్కరలేదు.

1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయినది. ఆ స్థానంలో తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు బోధనాభాష మళ్ళీ ఉర్దూ అయినది. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ శాస్త్రగ్రంథాలతో పాటు వైద్యగ్రంథాలను కూడా ఉర్దూలోకి తెచ్చినది. పాత మెడికల్ స్కూలు ఉస్మానియా మెడికల్ కాలేజీగా ఎదిగినది. చార్మినార్ పక్కన యునానీ ఆసుపత్రి, దానితో పాటు నిజామియా తిబ్బీ కాలేజీ సర్కారు పోషణలోనే నడిచినవి. పాతబస్తీ పేదవారికి ఈ రెండు దారులూ అందుబాటులో ఉండేవి.

మద్రాసు వైపు జరిగిన ప్రయోగం

ఇక కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ జస్టిస్ పార్టీ ప్రభుత్వానికి నాయకుడు పానగల్ రాజా, అనగా పానగంటి రామరాయణింగారు. 1921 నుండి 1926 వరకు ఆయన ముఖ్యమంత్రి. ఆయన కాలంలో వైద్య విద్యకు జరిగిన మేలు చిన్నది కాదు. 1923లో విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వచ్చినది. తెలుగు జిల్లాలకు అదే మొదటి మెడికల్ కాలేజీ.

అంతకు ముందే 1921లో దేశీయ వైద్య విధానాలను పరిశీలించుటకు ఒక కమిటీ వేసినారు. దానికి అధ్యక్షుడు ఖాన్ బహదూర్ ముహమ్మద్ ఉస్మాన్ సాహెబుగారు. తరువాత సర్ బిరుదు పొంది, 1934లో కొంతకాలం మద్రాసు గవర్నరుగా కూడా పనిచేసిన ప్రముఖుడు ఆయన. ఈ కమిటీ దేశం నలుమూలలా ఉన్న వైద్యులనూ హకీములనూ అడిగి, వారి వారి భాషలలో సమాధానాలు తెప్పించుకొని, 1923లో నివేదిక ఇచ్చినది. దాని ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరిచినారు. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి దానికి ప్రిన్సిపాలు. ఆయుర్వేదం, సిద్ధం, యునానీ మూడింటినీ, వాటితో పాటు నవీన శరీరశాస్త్రాన్ని కూడా అక్కడ నేర్పేవారు. వాడవాడలా ఉన్న వైద్యుణ్ణి తోసివేయకుండా, అతడికి చదువు చెప్పి నిలబెట్టవలెనన్నది ఆ ప్రయత్నంలోని ఆశయం.

దీనికంటె ముఖ్యమైనది మరొకటి గలదు. 1920ల మధ్యలోనే మద్రాసు ప్రభుత్వం పల్లెటూరి డాక్టర్లకు సబ్సిడీ ఇచ్చే పథకం మొదలుపెట్టినది. చదువు ముగించిన డాక్టరు ఒక పల్లెలో కాపురం పెడితే ఏటేటా కొంత సొమ్ము, మందులకు కొంత సొమ్ము ఇచ్చేవారు. పేదలకు ఉచితంగా చూడాలి. ఇచ్చుకోగలిగినవారి వద్ద ఫీజు తీసుకోవచ్చు. అది పూర్తి ఉద్యోగమూ కాదు, పూర్తి సొంత ప్రాక్టీసూ కాదు. రెండింటి మధ్య దారి. నేను మొదట చెప్పిన ఎల్.ఎం.పి. డాక్టర్ల వంటివారు ఎందరో ఈ దారినే పల్లెలలో స్థిరపడినారు.

అయితే ఒక్క లోపం. సర్కారు డాక్టరును పల్లెలో నిలబెట్టుటకు డబ్బు పెట్టినది కాని, పల్లె వైద్యాన్ని నేర్పుటకు పెట్టలేదు. నేర్పినది పట్నంలో, పెద్దాసుపత్రి వార్డులలో. పనిచేయమన్నది పల్లెలో, ఒంటరిగా. ఈ లోపమే మనల్ని నేటికీ వెంటాడుచున్నది.

భోర్ కమిటీ, ఎల్.ఎం.పి. అస్తమయం

1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన కమిటీ 1946లో నివేదిక సమర్పించినది. అప్పటి లెక్క ప్రకారం దేశమంతటికీ సుమారు 47,500 మంది డాక్టర్లు, అనగా 6,300 మందికి ఒకరు. వారిలో సగానికి మించి ఎల్.ఎం.పి. వంటి లైసెన్షియేట్లే.

భోర్ కమిటీ దృష్టి చాలా విశాలమైనది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోరాదన్నది దాని మూలసూత్రం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మన దేశానికి వచ్చినది ఆ నివేదిక పుణ్యమే. డాక్టరు కావలసినవాడికి రోగ నివారణ, సామాజిక వైద్యం మూడు నెలలు ప్రత్యేకంగా నేర్పాలని కూడా అది చెప్పినది. కాని అదే కమిటీ, ఇకమీదట లైసెన్షియేటు కోర్సులు ఉండరాదు, దేశమంతటా ఒకే తరహా డాక్టరు, ఎం.బి.బి.ఎస్. డాక్టరు ఉండాలని సిఫారసు చేసినది. కొందరు సభ్యులు దీనికి ఒప్పుకోలేదు. ఇంత కొరత ఉన్న దేశంలో ఉన్నవారిని తయారుచేసే స్కూళ్ళను మూయుట తగదని వారి వాదన. చివరికి మెజారిటీ మాటే నెగ్గినది. ఎల్.ఎం.పి. స్కూళ్ళు మూతబడినవి. ఉన్న ఎల్.ఎం.పి.లు కొందరు పొట్టి కోర్సు చేసి ఎం.బి.బి.ఎస్. అయినారు, మిగిలినవారు వృద్ధులై వెళ్ళిపోయినారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎల్.ఎం.పి.లను పెద్ద డాక్టర్లు చిన్నచూపు చూసేవారు. పట్నానికి ఒక డాక్టరు, పల్లెకు ఒక సగం డాక్టరు అనే పద్ధతి మంచిదెట్లా అవుతుంది? పేదవాడికి మాత్రం పూర్తి డాక్టరు వద్దా? భోర్ కమిటీ అడిగిన ప్రశ్నలో ధర్మమున్నది. పొరపాటు సిఫారసులో కాదు, తరువాత జరిగిన పనిలో ఉన్నది. సగం డాక్టరును తీసివేసినాము. పూర్తి డాక్టరును పల్లెకు తగినట్టు తయారుచేయలేదు.

ఆ తరువాత మన రాష్ట్రంలో మెడికల్ కాలేజీలు వరుసగా వచ్చినవి. గుంటూరు 1946, హైదరాబాదు గాంధీ 1954, కాకినాడ రంగరాయ 1958, వరంగల్లు కాకతీయ 1959, తిరుపతి 1960. ప్రతి కాలేజీకి ఒక పెద్దాసుపత్రి. విద్యార్థి అయిదారేళ్ళు చూసేది మంచాల మీద పడుకున్న రోగులను. నూరుమందిలో తొంభైమందికి వచ్చే జ్వరం, దగ్గు, విరోచనాలు, గజ్జి, రక్తహీనత ఇత్యాదులు చూసి, ఇల్లు తెలిసి, కుటుంబం తెలిసి వైద్యం చేయుట అతడికెవరు చూపించినారు?

మూడు పి.హెచ్.సి.లు, ఒక పెద్ద వ్యాను

ఈ తప్పు పెద్దలు గుర్తించలేదనుకోరాదు. 1975లో శ్రీవాస్తవ కమిటీ, మన వైద్య విద్య మన దేశ అవసరాలకు దూరంగా పోయినదని ఖచ్చితంగా చెప్పినది. ఆ సిఫారసులను అనుసరించి 1977లో "రోమ్" అనే పథకం వచ్చినది. వైద్య విద్యకు కొత్త దిశ చూపుట దాని అర్థం. ప్రతి మెడికల్ కాలేజీ మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను దత్తు తీసుకోవాలి. ప్రొఫెసర్లు, విద్యార్థులు అక్కడికి వెళ్ళి పాఠం అక్కడే నడపాలి. అందుకోసం సంచార వైద్యశాలల వ్యాన్లు కూడా ఇచ్చినారు.

ఆలోచన బంగారం వంటిది. జరిగినది వేరు. ఆ పెద్ద వ్యాన్లు మన పల్లె రోడ్ల మీద తిరగలేకపోయినవి. అంతకంటె పెద్ద అడ్డంకి ప్రొఫెసర్ల మనసు. పల్లెకు వెళ్ళి పాఠం చెప్పినందుకు వారికి ప్రమోషనూ లేదు, పేరూ లేదు. మరుసటి ఏడు, 1978లో, ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలన్నీ కూడి ప్రాథమిక వైద్యమే అందరి ఆరోగ్యానికి తాళంచెవి అని ప్రకటించినప్పుడు మన దేశం కూడా తలూపినది. కాని మన కాలేజీలలో ఆ తాళంచెవి తిప్పడం నేర్పే గురువు లేడు.

ఇతర దేశాలలో ఏం చేసినారు?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే మాటను బ్రిటనులో 1920లోనే డాసన్ నివేదిక వాడినది. 1948లో అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలైన నాటి నుండి, కొత్త డాక్టరు ఒక అనుభవజ్ఞుడైన కుటుంబ డాక్టరు వద్ద కూర్చుని నేర్చుకొనుటకు సర్కారు సొమ్ము ఇచ్చేది. నేర్చుకొనేవాడికి జీతం, నేర్పేవాడికి పారితోషికం. 1968లో టాడ్ కమిషన్, కుటుంబ వైద్యం కూడా ఒక ప్రత్యేక శాస్త్రమే, దానికి ప్రత్యేక శిక్షణ అవసరమని తేల్చినది. 1976లో చట్టం వచ్చినది. 1980ల ఆరంభం నుండి ఆ శిక్షణ లేనిదే ఎవరూ సొంతంగా కుటుంబ డాక్టరు కారాదని నియమం పెట్టినారు.

విచిత్రం చూడండి. వేల్సు బొగ్గుగనుల పల్లెలలో, ఇంగ్లండు పారిశ్రామిక వాడలలో, స్థానిక డాక్టర్లు పోవడానికి ఇష్టపడని చోట్ల కుటుంబ డాక్టర్లుగా దశాబ్దాల తరబడి నిలబడినది మన ఉపఖండం నుండి వెళ్ళిన డాక్టర్లే. వారిలో తెలుగువారూ ఉన్నారు. మన వార్డులలో చదివి, అక్కడి వీధి డాక్టరయ్యే విద్యను అక్కడి సర్కారు ఖర్చుతో నేర్చినారు. మనవాళ్ళకు ఆ పని చేతకాదని ఎవరన్నా అంటే, ఇదే జవాబు.

అమెరికాలో కూడా 2010 ఆరోగ్య చట్టం క్రింద ఒక మార్పు వచ్చినది. అంతకు ముందు డాక్టర్ల శిక్షణకు ఇచ్చే ప్రభుత్వ సొమ్ము ముఖ్యంగా పెద్దాసుపత్రులకే చేరేది. ఆ చట్టం తరువాత కొంత సొమ్మును పేదవాడల దవాఖానాల వంటి సామాజిక ఆరోగ్య కేంద్రాలకు నేరుగా ఇచ్చి, శిక్షణ అక్కడే నడిపించుట మొదలుపెట్టినారు. డబ్బు ఎక్కడికి పోతే గురువు అక్కడ ఉంటాడు, గురువు ఎక్కడ ఉంటే శిష్యుడు అక్కడికి వస్తాడు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

నేటి పరిస్థితి, ఒక మనవి

ఇటీవలి కాలంలో మన దగ్గరా కొంత కదలిక కనిపించుచున్నది. 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు సామాజిక వైద్యానికి కేటాయించినారు. 2022 నుండి ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మొదటి ఏడాదిలోనే ఒక పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తు తీసుకొని, చదువు సాగినంత కాలం వారి ఆరోగ్యం కనిపెట్టి ఉండాలని ఏర్పాటు జరిగినది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం వచ్చినది. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు తెరుచుకున్నవి. మన వాళ్ళు వాటిని "మన గల్లీ దవాఖానా" అని పిలుచుకొనుట నేను విన్నాను. ఆ పిలుపులోని ఆప్యాయతను గమనించాలి.

కాని 1977 పాఠం మరువరాదు. కాగితం మీద 12 వారాలు రాసినంత మాత్రాన, హాజరు పుస్తకంలో సంతకం పెట్టి పీజీ పరీక్షకు చదువుకొనే కుర్రవాడు వీధి డాక్టరు కాడు. ఆ 12 వారాలూ అతడి పక్కన కూర్చుని, "ఈ బిడ్డ దగ్గు విను, ఈ తల్లి చెప్పనిది కూడా విను" అని నేర్పే ఒక పెద్ద డాక్టరు ఆ దవాఖానాలోనే ఉండాలి. ఆ పెద్ద డాక్టరును సర్కారు గురువుగా గుర్తించి, జీతం, హోదా ఇవ్వాలి. బస్తీ దవాఖానా, పి.హెచ్.సి. చికిత్స చేసే చోట్లు మాత్రమే కాదు, పాఠం చెప్పే చోట్లు కూడా కావాలి. కుటుంబ వైద్యంలో పీజీ సీట్లు అన్ని సర్కారీ కాలేజీలలో పెట్టాలి. ఇది ప్రభుత్వాన్ని అడగవలసిన మాట.

మనల్ని మనం అడుక్కోవలసిన మాట మరొకటి ఉన్నది. పిల్లవాడికి మెడికల్ సీటు వస్తే మనమంతా సంతోషిస్తాము, దావత్ చేస్తాము. ఆ మరునాడే "ఏ స్పెషాలిటీ?" అని అడుగుతాము. "జనరల్ ప్రాక్టీసు చేస్తాను, మన వాడలోనే కూర్చుంటాను" అని వాడంటే మన ముఖాలు చిన్నబోతాయి. పెళ్ళి సంబంధాలు కూడా వెనక్కి పోతాయి. నిజం చెప్పుకోవాలి కదా! సర్కారు ఎన్ని పథకాలు పెట్టినా, ఇంట్లో గౌరవం లేని పని ఏ పిల్లవాడు చేస్తాడు?

1846లో ఒక పాలకుడు తనకు మేలు చేసిన వైద్యం తన ప్రజలకూ అందవలెనని కోరుకున్నాడు. దాన్ని జనం భాషలో చెప్పించినాడు. నేర్చినవాడికి జనం ఎరిగిన పేరే ఇచ్చినాడు. ఈ రోజున మనకు కాలేజీలకు కొదవ లేదు, సీట్లకు కొదవ లేదు. లేనిదల్లా మా ఊరి మసీదు వీధిలో ఖాళీగా ఉన్న ఆ అరుగు మీద కూర్చునే మనిషి. ఆ మనిషిని తయారుచేయుట సర్కారు బాధ్యత. అతడు వచ్చిన నాడు లేచి నిలబడి సలాం చేయుట మన బాధ్యత.